పేజీ క్యాష్ ఉన్నా కార్ట్ ఎందుకు కదలదు? రెడిస్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

మీ ప్రశ్న మొత్తం చదివాను. మారతహళ్ళిలో ఉంటూ బెంగళూరు తెలుగువాళ్ళకి పచ్చళ్ళు, పొడులు, పూతరేకులు, సోనా మసూరి బియ్యం అమ్మే వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ మీద ఆన్‌లైన్ దుకాణం నడిపే ప్లగిన్) సైట్ మీది. సర్వర్ 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్, అంటే అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్. పేజీ క్యాష్ ప్లగిన్ పెట్టాక హోమ్ పేజీ టక్కున వస్తోంది. కానీ కార్ట్‌లో ఒక్క వస్తువు వేసిన దగ్గర్నుంచి ప్రతి పేజీకీ మూడు నాలుగు సెకన్లు పడుతోంది, అడ్మిన్‌లో ఆర్డర్ల పేజీ ఇంకా ఘోరం. మీ అత్తగారు పట్టిన కొత్త ఆవకాయ వచ్చిందని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన సాయంత్రం సైట్ పూర్తిగా చేతులెత్తేసింది. హోస్టింగ్ వాళ్ళు పెద్ద ప్లాన్ తీసుకోమంటున్నారు. వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌లోని సైట్ హెల్త్ పేజీ మాత్రం పర్సిస్టెంట్ ఆబ్జెక్ట్ క్యాష్ పెట్టుకోమంటోంది. ఎవరి మాట వినాలి, ఆ క్యాష్ కోసం రెడిస్ అనే ప్రోగ్రామ్ పెడితే నిజంగా తేడా ఉంటుందా అని మీ సందేహం.

ఉంటుంది. మీలాంటి సైట్‌కి ఆబ్జెక్ట్ క్యాష్ తప్పకుండా కావాలి, పెద్ద ప్లాన్ కన్నా ముందు కావాలి. అయితే దానికన్నా ముందు ఒక పూట కూర్చుని సమయం ఎక్కడ పోతోందో కొలవాలి, ఆప్షన్స్ టేబుల్ (డేటాబేస్‌లో సెట్టింగులు ఉండే పట్టిక) శుభ్రం చేయాలి. ఈ వరస తప్పి నేరుగా రెడిస్ పెట్టినవాళ్ళే "పెట్టాం, ఏమీ మారలేదు" అని నాలుగు రోజుల్లో తీసేస్తుంటారు. బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఇలాంటి చిన్న దుకాణాల సైట్లు చాలానే చూసుకుంటుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట, ఉన్న పేజీ క్యాష్ మీకు ఎందుకు సరిపోవడం లేదో చూద్దాం. పేజీ క్యాష్ అంటే తయారైన హెచ్‌టీఎంఎల్‌ని అలాగే దాచి వచ్చినవాళ్ళందరికీ అదే ఇవ్వడం. హోమ్ పేజీకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలు మనిషి మనిషికీ వేరు. వాటిని దాచి ఇంకొకరికి చూపిస్తే ఒకరి చిరునామా ఇంకొకరికి కనిపిస్తుంది. అందుకే ఆ ప్లగిన్లు వాటి జోలికి పోవు. పైగా కార్ట్‌లో ఏదైనా పడగానే వూకామర్స్ ఒక కుకీ పెడుతుంది. ఆ కుకీ కనిపించిన బ్రౌజర్‌కి చాలా పేజీ క్యాష్‌లు మామూలు ప్రొడక్ట్ పేజీలు కూడా దాచిన కాపీ నుంచి ఇవ్వవు. లాగిన్ అయినవాళ్ళకీ అంతే, అడ్మిన్‌కీ అంతే. అంటే ఊరికే చూసిపోయేవాళ్ళకి సైట్ పరుగెడుతోంది, డబ్బు కట్టడానికి సిద్ధమైనవాళ్ళ దగ్గర నత్తనడక నడుస్తోంది. దుకాణానికి ఇంతకన్నా నష్టం ఇంకోటి లేదు. అందుకే హోమ్ పేజీ వేగం చూపించి "మీ సైట్ బాగానే ఉందిగా" అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను.

ఇప్పుడు ఆబ్జెక్ట్ క్యాష్ చేసే పని. ఉదాహరణకి మీ ఆవకాయనే తీసుకోండి. వెల్లుల్లి వేసినది, వెయ్యనిది. పావుకిలో, అరకిలో, కిలో. కంటికి కనిపించేది ఒక్క వస్తువే, కానీ డేటాబేస్‌లో అసలు ప్రొడక్ట్ ఒకటి, వేరియేషన్లు ఆరు, మొత్తం ఏడు పోస్టులు. ఒక్కోదానికి ధర, తగ్గింపు ధర, స్టాక్, బరువు, పన్ను తరగతి, ఫొటో అంటూ మెటా టేబుల్‌లో వరసలు పదుల్లో ఉంటాయి. వీటికి తోడు కేటగిరీలు, ట్యాగులు, షిప్పింగ్ జోన్లు, పన్ను రేట్లు, మెనూ, విడ్జెట్లు, ప్రతి ప్లగిన్ సెట్టింగులు. పేజీ క్యాష్ లేని ఒక్క పేజీ తయారవ్వాలంటే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ కోడ్ నడిచే భాష) ఇవన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని అడిగి తెచ్చుకోవాలి. వర్డ్‌ప్రెస్ వీలైనంతవరకు గుంపుగానే తెచ్చుకుంటుంది, అయినా వూకామర్స్ పేజీకి వందల్లో క్వెరీలు, అంటే డేటాబేస్‌కి వేసే ప్రశ్నలు, పడటం మామూలే.

వర్డ్‌ప్రెస్‌లో ఆబ్జెక్ట్ క్యాష్ మొదటినుంచీ ఉంది. ఒకసారి తెచ్చిన ఆప్షన్‌నో పోస్టునో అదే పేజీలో రెండోసారి అడిగితే డేటాబేస్ దాకా వెళ్ళదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ దాచినదంతా పీహెచ్‌పీ మెమరీలోనే ఉంటుంది. పేజీ పంపడం పూర్తవగానే మొత్తం పోతుంది. మరుక్షణం ఇంకొకరు అదే ఆవకాయ పేజీ తెరిస్తే ఆ వందల ప్రశ్నలూ మళ్ళీ మొదటినుంచి. ప్రతి తాలింపుకీ ఆవాలు, జీలకర్ర కొట్టుకెళ్ళి కొనుక్కొచ్చి, మిగిలినవి పారబోసినట్టు. పోపులపెట్టె పొయ్యి పక్కన పెట్టుకోవడమే పర్సిస్టెంట్ ఆబ్జెక్ట్ క్యాష్. రెడిస్ అనే చిన్న ప్రోగ్రామ్ సర్వర్ ర్యామ్‌లో ఆ జవాబులన్నీ పట్టుకుని కూర్చుంటుంది. ఒకరి పేజీ కోసం తెచ్చినవి తర్వాతివాళ్ళ పేజీకి కూడా పనికొస్తాయి.

వర్డ్‌ప్రెస్ కోడ్‌లో దీనికి ఏర్పాటు చాలా సాదాగా ఉంటుంది. డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో ఆబ్జెక్ట్-క్యాష్ డాట్ పీహెచ్‌పీ అనే ఫైల్ ఉంటే, వర్డ్‌ప్రెస్ తన సొంత క్యాష్ కోడ్‌ని పక్కనపెట్టి ఆ ఫైల్‌ని వాడుతుంది. దీన్నే డ్రాప్-ఇన్ అంటారు. ప్లగిన్లు చేసేది ప్రధానంగా ఆ ఫైల్‌ని అక్కడ పెట్టడమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఏదైనా తేడా వచ్చినప్పుడు పనికొస్తుంది. రెడిస్ ఆగిపోయి సైట్ తెరుచుకోకపోతే కంగారు పడకుండా ఫైల్ మేనేజర్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైల్ పేరు మార్చండి. సైట్ పాత పద్ధతిలో వెంటనే లేచి నిలబడుతుంది. ఆ ఫైల్ ఒక్కటే ఉండగలదు కాబట్టి రెండు మూడు క్యాష్ ప్లగిన్లలో ఆబ్జెక్ట్ క్యాష్ ఆన్ చేయడం కుదరదు. మీ పేజీ క్యాష్ ప్లగిన్‌లో కూడా ఆ మీట ఉంటే దాన్నైనా వాడండి, విడి ప్లగిన్‌నైనా వాడండి. రెండూ వద్దు.

"ధర మార్చితే పాత ధరే చూపిస్తుందా?" అని చాలామంది భయపడతారు. చూపించదు. అడ్మిన్‌లో మీరు ధర మార్చి సేవ్ చేయగానే ఆ ప్రొడక్ట్‌కి సంబంధించిన కీలను (క్యాష్‌లో పేరు పెట్టి దాచినవాటిని) వర్డ్‌ప్రెస్ తనే తీసేస్తుంది, తర్వాతి పేజీ కొత్త ధరని డేటాబేస్ నుంచి తెచ్చుకుంటుంది. స్టాక్ తగ్గినప్పుడూ అంతే. పాతది కనిపించేది వర్డ్‌ప్రెస్‌కి తెలియకుండా మార్చినప్పుడే, అంటే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోకి వెళ్ళి నేరుగా టేబుల్‌లో మార్చినప్పుడు, లేదా పాత బ్యాకప్‌ని డేటాబేస్‌లోకి ఎక్కించినప్పుడు. అప్పుడు మాత్రం క్యాష్ ఫ్లష్ చేయాలి, అంటే మొత్తం ఖాళీ చేయాలి.

సైట్ హెల్త్‌లో మీకు కనిపించిన హెచ్చరిక 2022 నవంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.1 నుంచి ఉంది. పోస్టుల టేబుల్‌లో, కామెంట్లలో, యూజర్లలో ఏదో ఒకటి 1,000 దాటినా, ప్రతి పేజీకీ వాటంతట అవే లోడ్ అయ్యే ఆటోలోడ్ ఆప్షన్లు 500 దాటినా ఆ సలహా వస్తుంది. కాబట్టి ఆ హెచ్చరిక కనిపించిందంటేనే సైట్‌కి జబ్బు చేసిందని కాదు, కాస్త పెరిగిన సైట్ అని మాత్రమే. అదే 6.1 వెర్షన్‌లో పోస్టుల జాబితా తెచ్చే క్వెరీల ఫలితాలని కూడా ఆబ్జెక్ట్ క్యాష్‌లో దాచడం మొదలుపెట్టారు. రెడిస్ ఉన్న సైట్‌కి అప్పట్నుంచి లాభం ఇంకా పెరిగింది.

ఇక కొలవడం. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, కార్ట్‌లో ఒక ఆవకాయ సీసా వేసి, అప్పుడు కార్ట్ పేజీ, ఇంకో ప్రొడక్ట్ పేజీ తెరవండి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొదటి వరస మీద నొక్కితే సర్వర్ జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూసిందో కనిపిస్తుంది. దాన్నే టైమ్ టు ఫస్ట్ బైట్ అంటారు. గూగుల్ లెక్కలో 0.8 సెకన్ల లోపు ఉంటే మంచిది. ఆబ్జెక్ట్ క్యాష్ తగ్గించగలిగేది ఈ అంకెనే. ఫొటోలు బరువుగా ఉండి, లేదా స్క్రిప్టులు ఎక్కువై పేజీ ఆలస్యంగా నిండుతుంటే దానికీ రెడిస్‌కీ సంబంధం లేదు.

ఆ తర్వాత క్వెరీ మానిటర్ ప్లగిన్ వేసుకోండి. అడ్మిన్‌గా లాగిన్ అయి అవే పేజీలు తెరిస్తే పైన పట్టీలో మొత్తం ఎన్ని సెకన్లు, అందులో డేటాబేస్‌కి ఎంత, ఎన్ని క్వెరీలు అన్నీ చూపిస్తుంది. మూడు సెకన్లలో సగానికి పైగా డేటాబేస్‌కే పోతుంటే రెడిస్ మీ మందే. డేటాబేస్‌కి పావు సెకను కూడా పట్టకుండా మిగతాదంతా ఇంకెక్కడో పోతుంటే మాత్రం ఆగి చూడాలి. అదే ప్లగిన్‌లో హెచ్‌టీటీపీ ఏపీఐ కాల్స్ అని ఒక భాగం ఉంది, అది తప్పకుండా తెరవండి. కార్ట్‌లో డెలివరీ ఛార్జీ చూపించడానికి కొరియర్ ప్లగిన్ మీ 560037 పిన్‌కోడ్ పట్టుకుని ప్రతిసారీ బయటి సర్వర్‌ని అడుగుతూ ఉండొచ్చు. ఆ జవాబు వచ్చేదాకా మీ పేజీ నోరు తెరుచుకుని కూర్చోవాల్సిందే, రెడిస్ ఏమీ చేయలేదు. చెకౌట్‌లో 'ప్లేస్ ఆర్డర్' నొక్కాక పట్టే సమయంలో కూడా ఇలాంటివే ఎక్కువ. ఆ ఒక్క నొక్కులోనే ఈమెయిల్ పంపడం, వాట్సాప్ సందేశం పంపడం, పేమెంట్ గేట్‌వేతో మాట్లాడటం అన్నీ జరుగుతుంటాయి. వీటిని వెనకాల క్యూలో వేసే ఏర్పాటు వేరేగా చేసుకోవాలి.

ఇప్పుడు అందరూ దాటేసే పని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆటోలోడ్ ఆప్షన్లు. వర్డ్‌ప్రెస్ ప్రతి పేజీ మొదట్లోనే ఆప్షన్స్ టేబుల్‌లో ఆటోలోడ్ అని గుర్తు పెట్టిన వరసలన్నీ ఒకేసారి ఎత్తుకొస్తుంది. అవసరం ఉన్నా లేకపోయినా సరే. ఏళ్ళ తరబడి ప్లగిన్లు వేసి తీసిన సైట్లలో ఇది గుదిబండలా తయారవుతుంది. ఎప్పుడో తీసేసిన పేజీ బిల్డర్ సెట్టింగులు, సెక్యూరిటీ ప్లగిన్ రాసుకున్న లాగ్, మూడు థీమ్‌ల కిందటి ఆప్షన్లు, గడువు పెట్టకుండా దాచిన ట్రాన్సియెంట్లు (ప్లగిన్లు తాత్కాలికంగా దాచుకునే విలువలు) అన్నీ అందులోనే ఉంటాయి. 2024 జులైలో వచ్చిన 6.6 నుంచి సైట్ హెల్త్‌లోనే ఆటోలోడ్ మొత్తం 800 కేబీ దాటితే హెచ్చరిస్తున్నారు. అదే వెర్షన్ నుంచి, ఆటోలోడ్ కావాలని ప్లగిన్ గట్టిగా చెప్పకపోతే, 150 కేబీ దాటిన ఆప్షన్‌ని మామూలుగా ఆటోలోడ్‌లో పెట్టడం లేదు. కానీ అంతకుముందు చేరిన చెత్త దానంతట అది పోదు.

రెడిస్‌కీ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఆటోలోడ్ ఆప్షన్లన్నీ కలిపి ఆబ్జెక్ట్ క్యాష్‌లో ఒకే ఒక్క కీ కింద కూర్చుంటాయి. ఆ కీ 3 ఎంబీ ఉందనుకోండి, ప్రతి రిక్వెస్టుకీ 3 ఎంబీ రెడిస్ నుంచి పీహెచ్‌పీలోకి లాగి, విప్పి, మెమరీలో పరచాలి. సెకనుకి పది రిక్వెస్టులొస్తే 30 ఎంబీ. అందులో ఏ ఒక్క ఆప్షన్ మారినా ఆ మొత్తాన్నీ మళ్ళీ రాయాలి. రెడిస్ బదులు అలాంటిదే అయిన మెమ్‌క్యాష్‌డ్ వాడితే ఇంకా దారుణం. అందులో ఒక వస్తువుకి మామూలుగా 1 ఎంబీ పరిమితి ఉంటుంది, దాటితే దాచనే దాచదు. అప్పుడు క్యాష్ ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం ప్రతి పేజీకీ ఆ బరువంతా డేటాబేస్ నుంచే వస్తూ ఉంటుంది.

కాబట్టి పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఆప్షన్స్ టేబుల్ తెరిచి, ఆటోలోడ్ అయ్యే వరసల్ని విలువ పొడవు ప్రకారం పెద్దది ముందు వచ్చేలా చూడండి. 6.6 తర్వాత ఆ కాలమ్‌లో 'యెస్' ఒక్కటే కాదు, 'ఆన్', 'ఆటో', 'ఆటో-ఆన్' అని కూడా ఉంటాయి, అవన్నీ లోడ్ అయ్యేవే. మొదటి ఇరవై పేర్లు చూస్తే చాలు, బరువంతా వాటిలోనే ఉంటుంది. పేరు మొదట్లో సాధారణంగా ప్లగిన్ గుర్తు ఉంటుంది కాబట్టి ఎవరిదో తెలిసిపోతుంది. ముందు డేటాబేస్ బ్యాకప్ తీసుకోండి. తీసేసిన ప్లగిన్‌దే అని ఖాయంగా తెలిసినా వెంటనే డిలీట్ చేయకండి. ఆటోలోడ్‌ని 'ఆఫ్' చేసి వారం చూడండి. ఆఫ్ చేసినా ఎవరికైనా కావాలంటే విడిగా తెచ్చుకుంటారు, సైట్ పగిలిపోదు. వారం తర్వాత నిశ్చింతగా తీసేయొచ్చు.

మీ అడ్మిన్‌లో ఆర్డర్ల పేజీ గురించి కూడా ఇక్కడే ఒక మాట. ఆ నెమ్మదిలో కొంత రెడిస్ తగ్గిస్తుంది, కానీ పాత వూకామర్స్ సైట్లలో ఆర్డర్లన్నీ పోస్టుల టేబుల్‌లో, వాటి వివరాలన్నీ మెటా టేబుల్‌లో ఉంటాయి. ఫోన్ నంబరుతో ఆర్డర్ వెతికితే లక్షల వరసలు గాలించాలి. 2023 అక్టోబరులో వచ్చిన వూకామర్స్ 8.2 నుంచి కొత్త దుకాణాలకి ఆర్డర్ల కోసం విడి టేబుల్స్ వస్తున్నాయి, హై-పెర్ఫార్మెన్స్ ఆర్డర్ స్టోరేజ్ అంటారు. పాత దుకాణాలు తామే మారాలి. మీది అంతకుముందు మొదలైన సైట్ అయితే వూకామర్స్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కింద ఫీచర్స్‌లో చూడండి. మీ ప్లగిన్లన్నీ దానికి సరిపోతాయో లేదో అక్కడే చెబుతుంది.

ఇవి అయ్యాక రెడిస్. రెడిస్‌ని ఇటలీ ప్రోగ్రామర్ సాల్వతోరె సాన్ఫిలిప్పో 2009లో తెచ్చాడు. 2024 మార్చిలో రెడిస్ లైసెన్సు మారడంతో లినక్స్ ఫౌండేషన్ నీడలో వాల్కీ అనే శాఖ పుట్టింది. మీ పనికి రెడిస్, వాల్కీ రెండూ ఒకటే, మీ సర్వర్ ప్యాకేజీల్లో ఏది తేలిగ్గా దొరికితే అది వేసుకోండి. పీహెచ్‌పీకి రెడిస్‌తో మాట్లాడే పీహెచ్‌పీరెడిస్ ఎక్స్‌టెన్షన్ కూడా వేయించండి. అది లేకపోతే ప్లగిన్ పీహెచ్‌పీలోనే రాసిన ప్రెడిస్‌తో నెట్టుకొస్తుంది, వేగం తగ్గుతుంది. వర్డ్‌ప్రెస్ వైపు టిల్ క్రూస్ రాసిన 'రెడిస్ ఆబ్జెక్ట్ క్యాష్' ఉచిత ప్లగిన్ మీకు సరిపోతుంది.

వేయడం పది నిమిషాల పని, వేశాక చేయాల్సిన రెండు సెట్టింగుల దగ్గరే సైట్లు పడిపోతుంటాయి. రెడిస్‌కి మామూలుగా మెమరీ పరిమితి ఉండదు. అడిగినంతా దాచుకుంటూ పోతుంది. గడువు పెట్టని కీలు ఎన్నాళ్ళైనా ఉంటాయి. 6.1 తర్వాత వచ్చిన చాలా వెర్షన్లలో, మీరు ఒక ప్రొడక్ట్ మార్చిన ప్రతిసారీ జాబితాల క్వెరీలకి కొత్త కీలు పుడతాయి, పాతవి ఇంకెవరూ చదవకపోయినా అక్కడే పడి ఉంటాయి. రోజుకి యాభై సార్లు స్టాక్ మారే దుకాణంలో ఇవి పేరుకుపోతాయి. 2 జీబీ సర్వర్‌లో ర్యామ్ నిండితే లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది, తరచూ బలయ్యేది బాగా మెమరీ వాడే మైఎస్‌క్యూఎల్. అప్పుడు తెర మీద డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ వస్తుంది, అందరూ డేటాబేస్‌ని తిట్టుకుంటారు.

అందుకని రెడిస్ కాన్ఫిగ్‌లో మాక్స్‌మెమరీ 128 ఎంబీ పెట్టండి, మీ సైజు దుకాణానికి మొదట అది చాలు. దాంతోపాటు మాక్స్‌మెమరీ-పాలసీని ఆల్‌కీస్-ఎల్‌ఆర్‌యూ అని మార్చండి. నిండినప్పుడు ఎక్కువకాలంగా ఎవరూ ముట్టుకోని కీలని తీసేసి కొత్తవాటికి చోటిస్తుంది. అసలు సెట్టింగు నోఎవిక్షన్, దాన్ని అలాగే వదిలేసి పరిమితి మాత్రం పెడితే, నిండగానే కొత్తవి రాయనివ్వకుండా ఎర్రర్లు ఇస్తుంది. ప్లగిన్‌లో గరిష్ఠ గడువు పెట్టే సెట్టింగు కూడా ఉంది, ఒక రోజు, అంటే 86,400 సెకన్లు ఇవ్వండి. రెడిస్ డిస్క్ మీదకి కాపీ రాసే ఏర్పాటు ఆపేయండి. ఇది క్యాష్ మాత్రమే, పోతే డేటాబేస్ నుంచి మళ్ళీ నిండుతుంది, చిన్న సర్వర్‌లో ఆ రాతకి ర్యామ్, డిస్క్ దండగ.

ఒక్క విషయంలో మాత్రం "పోతే పోయింది" అనుకోలేం. రెడిస్ ఆన్ చేశాక ట్రాన్సియెంట్లు ఆప్షన్స్ టేబుల్‌లోకి రావు, రెడిస్‌లోనే ఉంటాయి. క్యాష్ ఆన్ డెలివరీకి ఫోన్ నంబరు సరిచూసే కొన్ని ఓటీపీ ప్లగిన్లు ఆ కోడ్‌ని ట్రాన్సియెంట్‌గానే దాస్తాయి. అమ్మకాల మధ్యలో మీరు క్యాష్ ఫ్లష్ చేస్తే, ఓటీపీ చేతిలో పట్టుకుని ఉన్న కస్టమర్‌కి 'తప్పు ఓటీపీ' అని వస్తుంది. మెమరీ మరీ ఇరుకుగా ఇచ్చినా ఇదే జరగొచ్చు. కార్ట్‌లో వేసినవి మాత్రం పోవు, వూకామర్స్ వాటిని తన సెషన్ల టేబుల్‌లో రాసి పెడుతుంది. అందుకే ఫ్లష్ బటన్‌ని అవసరం ఉంటేనే నొక్కండి. రోజూ రాత్రి క్రాన్‌తో (చెప్పిన వేళకి పని నడిపే ఏర్పాటు) ఫ్లష్ చేయించే అలవాటు కొందరికి ఉంది, అది చేస్తే పొద్దున్నే మొదట వచ్చినవాళ్ళందరూ ఖాళీ క్యాష్‌తో మొదలుపెడతారు.

రెడిస్ ఎక్కడ ఉండాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. వెబ్ సర్వర్ ఉన్న మెషీన్‌లోనే ఉండాలి. వీలైతే పోర్టు బదులు యూనిక్స్ సాకెట్‌తో (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాముల మధ్య నేరు దారి) కలపండి. మీ సర్వర్ బెంగళూరు డేటాసెంటర్‌లో ఉంది కదా, ఎవరైనా ముంబైలో ఉచితంగా రెడిస్ ఇస్తామంటే తీసుకోకండి. బెంగళూరు నుంచి ముంబైకి గీత గీసినట్టు వెళ్ళినా 840 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. వెళ్ళి రావడానికే 8 మిల్లీసెకన్లు దాటుతుంది, నిజంలో ఇంకా ఎక్కువ. ఒక పేజీ రెడిస్‌ని 500 సార్లు అడిగితే 4 సెకన్లు దారిలోనే పోయాయి. అదే మెషీన్‌లో ఉంటే ఒక్కో ప్రశ్నకి మిల్లీసెకనులో చిన్న భాగం.

భద్రత గురించి ఎక్కువ చెప్పను, కానీ ఇది మాత్రం తప్పనిసరి: రెడిస్ 127.0.0.1 మీద మాత్రమే వినాలి, 6379 పోర్టు బయటి ప్రపంచానికి మూసి ఉండాలి. 2018 ఫిబ్రవరిలో గిట్‌హబ్ మీద సెకనుకి 1.35 టెరాబిట్ల దాడి జరిగింది, అది బయటికి తెరిచి వదిలేసిన మెమ్‌క్యాష్‌డ్ సర్వర్లని వాడుకుని చేసిందే. షేర్డ్ హోస్టింగ్‌లో పాస్‌వర్డ్ లేని ఉమ్మడి రెడిస్ ఇస్తే వాడకండి, పక్క సైటువాళ్ళు మీ కస్టమర్ల వివరాలు చదవగలరు.

ఒకే సర్వర్‌లో అసలు సైట్‌తో పాటు టెస్టింగ్ కాపీ కూడా ఉంటే రెండింటికీ కీల పేర్ల ముందు చేరే ప్రిఫిక్స్ వేరు వేరుగా ఇవ్వండి, డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్క వరస. నేను చూసిన ఒక బట్టల దుకాణం సైట్‌లో ఇది ఇవ్వలేదు. అసలు సైట్ తెరిస్తే లింకులన్నీ టెస్టింగ్ చిరునామాకి పోయేవి, మళ్ళీ కాసేపటికి బాగుపడేవి. రెండు సైట్ల ఆప్షన్లూ ఒకే కీ పేరుతో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. హ్యాకింగ్ జరిగిందని వాళ్ళు హడలిపోయి పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకున్నారు. కాన్ఫిగ్ ఫైల్ కాపీ చేసేటప్పుడు ప్రిఫిక్స్ కూడా అలాగే కాపీ అవుతుంది, అక్కడ జాగ్రత్త.

పెట్టి ఆన్ చేశాక ఒక రోజు నడవనివ్వండి. తర్వాత రెడిస్ కమాండ్ లైన్‌లో ఇన్ఫో అని అడిగితే మూడు సంగతులు చూడండి. కీస్పేస్ హిట్స్ (క్యాష్‌లో దొరికినవి), మిసెస్ (దొరకనివి) పోల్చితే వందకి తొంభైకి పైగా హిట్స్ ఉండాలి. వాడిన మెమరీ పరిమితికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఎవిక్టెడ్ కీస్ (చోటు లేక తీసేసినవి) గబగబా పెరుగుతుంటే 128ని 192 చేయండి. క్వెరీ మానిటర్‌లో అవే పేజీలు మళ్ళీ తెరిస్తే క్వెరీల సంఖ్య బాగా పడిపోయి కనిపించాలి. పడకపోతే డ్రాప్-ఇన్ పనిచేయడం లేదని అర్థం, ప్లగిన్ పేజీలో 'కనెక్టెడ్' అని ఉందో లేదో చూడండి.

ఇక ఆవకాయ సాయంత్రం సంగతి. మీ సర్వర్‌లో పీహెచ్‌పీ వర్కర్లు, అంటే ఒక్కోసారి ఒక్కో పేజీ తయారుచేసే ప్రాసెస్‌లు, ఐదుగురు ఉన్నారనుకోండి. 2 జీబీకి అంతకన్నా ఎక్కువ పెట్టడం కష్టం, ఒక్కో వర్కర్ వూకామర్స్‌తో దాదాపు 100 ఎంబీ దాకా తీసుకోగలడు, మైఎస్‌క్యూఎల్‌కీ చోటుండాలి. ఒక్కో పేజీకి 2 సెకన్లు పడితే ఐదుగురూ కలిసి సెకనుకి రెండున్నర పేజీలు ఇవ్వగలరు. వాట్సాప్‌లో సందేశం పడగానే వందమంది ఒకేసారి వచ్చి కార్ట్‌లో వేయడం మొదలుపెడితే మిగతావాళ్ళు క్యూలో నిలబడతారు. కాసేపు చూసి మళ్ళీ రిఫ్రెష్ కొడతారు, క్యూ ఇంకా పెరుగుతుంది, చివరికి అందరికీ ఎర్రర్. అదే పేజీ అర సెకనులో తయారైతే అవే ఐదుగురు వర్కర్లు సెకనుకి పది పేజీలు ఇస్తారు. అదే సర్వర్, అదే బిల్లు, నాలుగు రెట్ల జనం. నేను ఆబ్జెక్ట్ క్యాష్ పెట్టమని ఇంత పట్టుబట్టేది అందుకే. ఒక్కరికి సెకను మిగలడం ఒక ఎత్తు, గుంపు వచ్చినప్పుడు తట్టుకోవడం ఇంకో ఎత్తు.

పెద్ద ప్లాన్ ఎప్పుడు? ఇవన్నీ చేశాక కూడా రద్దీ వేళ వర్కర్లందరూ నిండిపోయి, సీపీయూ నూటికి నూరు కొడుతుంటే అప్పుడు తీసుకోండి. ఆర్డర్ రాయడం, స్టాక్ తగ్గించడం లాంటి రాతలన్నీ ఎలాగూ డేటాబేస్‌కే వెళ్ళాలి, అక్కడ రెడిస్ సాయం తక్కువ. నిజంగా ఆర్డర్లు పెరిగితే సర్వర్ పెరగాల్సిందే. ర్యామ్ పెంచకుండా వర్కర్ల సంఖ్య మాత్రం పెంచకండి.

రెడిస్ వేసే ముందు మూడు అంకెలు తీసి ఇక్కడ పెట్టండి: కార్ట్ పేజీ మొత్తం సమయం, అందులో డేటాబేస్‌కి పట్టింది, ఆటోలోడ్ మొత్తం ఎన్ని కేబీ. హెచ్‌టీటీపీ కాల్స్ భాగంలో ఏదైనా కనిపిస్తే ఆ ప్లగిన్ పేరు కూడా రాయండి. డెలివరీ ఛార్జీని పిన్‌కోడ్ వారీగా కొన్ని గంటలు దాచుకోవడం కుదురుతుందో లేదో ఆ ప్లగిన్‌ని బట్టి చెప్తాను.